కోమల చూసిన బైకుల రేసు

ఓటీటీ అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఇరవై రెండేళ్ళు కేబుల్ టీవీ నడిపినవాణ్ణి నేను. జమ్మికుంట అవతల మా ఊళ్ళో నాలుగు వందల ఇళ్ళకు స్తంభం నుంచి స్తంభానికి వైరు లాగింది ఈ సదానందమే. వానలో నిచ్చెన ఎక్కాను, షాకులు తిన్నాను, బొమ్మ ఆగిందని అర్ధగంటకోసారి తిట్లు తిన్నాను. ఇంత చేస్తే చివరికేమైంది? అరచేతిలో పట్టే ఫోన్లోకి సినిమాలు వచ్చాయి, నా కేబుల్ అటకెక్కింది. ఇప్పుడు బతకాలి గనక నేనే ఇంటింటికీ ఇంటర్నెట్ తీగ లాగుతున్నాను. నన్ను ముంచినవాడికి నేనే కూలి పని చేస్తున్నానన్నమాట. ఇంతకంటే సిగ్గుమాలిన బతుకు ఉంటుందా, మీరే చెప్పండి.

అలాంటి నా దగ్గరికి మొన్న ఒక శుక్రవారం పొద్దున్నే కోమల వచ్చింది. ఒడిలో బీడీల చాట లేకుండా కోమలను చూడటమే వింత. మా వాడకట్టులో ఆమె చుట్టినన్ని బీడీలు ఎవరూ చుట్టరు.

"అన్నా, మా టీవీల బైకుల రేసు వచ్చేటట్టు జర పెట్టియ్యి," అంది.

నాకు నవ్వాగలేదు. "బీడీలు సుట్టుడు ఇడిశిపెట్టి బండి నడుపుడు నేర్సుకుంటవా ఏంది చెల్లె?"

"నవ్వకన్నా. మీ బావ టీవీల వస్తుండట."

మా బావ అంటే ఆమె భర్త హనుమండ్లు. వాడు ఖతర్‌లో ఉంటాడు. అక్కడ ఎడారి మధ్యన బైకుల రేసులు జరిగే పెద్ద రోడ్డు ఉంది. లోకంలో పేరున్న రేసుగాళ్ళంతా అక్కడికి వస్తారు. ఆ రోడ్డు తొమ్మిదో మలుపు దగ్గర నారింజ రంగు బట్టలేసుకుని నిలబడటం హనుమండ్లు పని. ఎవడైనా బండి మీంచి పడితే ఉరికిపోయి వాణ్ణి లేపాలి, బండిని పక్కకు ఈడ్వాలి, రోడ్డు మీద పడిన కంకర ఊడ్చాలి. శనివారం ఒక రేసు, ఆదివారం ఒక రేసు, రెండూ ఒక ఓటీటీ యాప్‌లో లైవ్ అట.

"ఆయన మొఖం దినాం ఫోన్ల సూస్తనే ఉన్నవు గద. మల్ల టీవీల ఎందుకు?" అన్నాను.

"మొఖమే సూస్తున్నన్నా. కాళ్ళు సూడాలె," అంది.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

కోమల మానకొండూరు దిక్కు నుంచి పద్దెనిమిదేళ్ళప్పుడు కోడలిగా మా ఊరికి వచ్చింది. వచ్చిన మూడో రోజే చాట పట్టింది. తునికాకు కత్తిరించడం, జర్దా పొగాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం. రోజుకు వెయ్యి. కూతురు ప్రవళికకు పాలిస్తూ చుట్టింది, అత్త శవం పక్కన కూర్చున్న నాడు తప్ప మిగతా అన్ని రోజులూ చుట్టింది. ఆమె మాట్లాడుతుంటే నేను ముఖం చూడను, వేళ్ళే చూస్తుంటాను. అవి వాటి పాటికి అవి పోతూనే ఉంటాయి.

హనుమండ్లు మొదట దుబాయి పోయాడు, కట్టడాల పనికి. అక్కడ మూడో అంతస్తు నుంచి పడ్డాడు. ఎడమ మోకాలు నుజ్జయింది, లోపల రాడ్డు వేశారు. ఈ సంగతి ఇంటికి చెప్పలేదు. ఆర్నెల్లపాటు రోజూ ఫోన్ చేసి "మంచిగున్న" అన్నాడు. తిరిగి వచ్చేనాడు మేమంతా జీపు మాట్లాడుకుని హైదరాబాద్ విమానాశ్రయానికి పోయాము. ట్రాలీ మీదికి వంగి తోసుకుంటూ వస్తుంటే, సామాను బరువుకు వంగాడనుకున్నాము. జీపు దగ్గర ట్రాలీ వదిలేశాకగానీ కుంటుతున్నాడని తెలియలేదు. కోమల అక్కడ ఏడవలేదు. జీపు ఎక్కి సగం దారి వచ్చాక ఒకే ఒక్క మాట అడిగింది. "ఆర్నెల్లు నేను నీతోని మాట్లాడిన్నా, ఇంకెవనితోనన్న మాట్లాడిన్నా?"

మూడేళ్ళు ఊళ్ళోనే ఉన్నాడు. పత్తి వేశాడు, పత్తి కలిసిరాలేదు. మళ్ళీ ఖతర్ పోయాడు. పోయేముందు ఈసారి ఏదీ దాచనని ప్రవళిక నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు.

మా దిక్కు గల్ఫ్ ఇళ్ళలో ఒక లెక్క ఉంది. ఫోన్ నిమిషం బంగారమంత పిరంగా ఉన్న రోజుల్లో పుట్టిన లెక్క అది. ఒక్క రింగిచ్చి పెట్టేస్తే "మంచిగున్న" అని అర్థం. ఎవరూ ఎత్తరు. రెండు రింగులిస్తే "ఫోన్ చెయ్యి, చెప్పేదుంది" అని. ఇప్పుడు ఫోన్లు చవకైనా ఆ లెక్క పోలేదు. పనిలో ఉన్నప్పుడు పెద్ద ఫోన్లు సూపర్‌వైజర్ గుంజుకుంటాడట. హనుమండ్లు చిన్న డబ్బా ఫోనొకటి మేజోడులో దాచుకుంటాడు. పొద్దున డ్యూటీ ఎక్కేముందు ఒక్క రింగు, దిగాక ఒక్క రింగు. కోమల కూడా ఒక్క రింగే తిరిగి ఇస్తుంది. రెండు రింగులంటే మా ఊళ్ళో చావు కబురే. అత్త పోయిననాడు కోమల ఇచ్చింది, మళ్ళీ ఎన్నడూ ఇవ్వలేదు.

"ఇరవై దినాలసంది మొఖం ఒక్కటే సూపిస్తుండన్నా," అంది కోమల ఆ శుక్రవారం. "ఎనక గోడ, ముంగట మొఖం. లేషి నిలవడవయ్యా అంటే సిగ్నల్ పోతున్నదంటడు. టీవీల సూస్తనని సెప్పిన. గండ్ల ఐతే దాసవెట్టలేడు గద?"

నేను తల ఊపాను గానీ లోపల నవ్వుకున్నాను, ఏడ్చుకున్నాను కూడా. ఎందుకంటే ఈమె తక్కువదేమీ కాదు. నాలుగు నెలల కిందట దగ్గు ఆగడం లేదంటే నా బండి మీదే కరీంనగర్ తీసుకుపోయాను. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పట్టి, ఊపిరితిత్తిలో మచ్చ ఉందన్నాడు. జర్దా దుమ్ము మానాలన్నాడు, ఇంకా పరీక్షలు చేయాలన్నాడు. తిరిగి వస్తుంటే బైపాస్ దగ్గర బండి ఆపించి, "మీ బావకు ఎరుకైతె నా మీద ఒట్టే అన్నా, బిడ్డకు గూడ సెప్పకు," అంది. ఆ ఫిల్ము బియ్యం డ్రమ్ము వెనక దాచింది. పరీక్షలకు పోనే లేదు. బీడీలు ఆపలేదు. రోజూ ఫోన్లో "మంచిగున్న" అంటూనే ఉంది. గంతకు తగ్గ బొంత అని ఊరికే అన్నారా! వాళ్ళిద్దరి మధ్య ఆ ఒట్టు మింగి కూర్చున్నవాణ్ణి నేను, నా పరేషాన్ ఎవరికి చెప్పుకోను?

శనివారం సాయంత్రానికి అంతా సిద్ధం చేశాను. ప్రవళిక డిగ్రీ చదువుతుంది, పాస్‌వర్డ్ గీస్‌వర్డ్ అన్నీ అదే కొట్టింది. బైకులు వరసలో నిలబడ్డాయి. ఎర్ర దీపాలు ఆరాయి. ఈగల గుంపు లేచినట్టు జుయ్యిమంటూ లేచాయి. అంతే, బొమ్మ ఆగి గుండ్రటి చక్రం తిరగడం మొదలుపెట్టింది.

"ఏమైందన్నా?"

ఏమవుతుంది, కోతులు! వాటర్ ట్యాంకు నుంచి వచ్చే నా తీగ మీద గుంపుకు గుంపు ఊయల ఊగుతున్నాయి. ఓరి మీ పాడుగాను, నాలుగు వందల ఇళ్ళ తీగల్లో ఇదే దొరికిందా మీకు! రాళ్ళు రువ్వి, నిచ్చెన వేసి, పెట్టెలోంచి ఊడిన తీగ మళ్ళీ కూర్చోబెట్టి వచ్చేసరికి టీవీలో గెలిచినవాళ్ళు సీసాలు ఊపి ఒకరి మీద ఒకరు నురగ చిమ్ముకుంటున్నారు. కోమల నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

"ఇగ రేపొక్కటే ఉన్నదన్నా," అంది.

ఆదివారం మధ్యాహ్నమే పోయి ఆ తీగ పొడుగునా ముళ్ళకంప చుట్టాను. ఆరున్నరకు రేసు. టీవీ ముందు కోమల, ఒడిలో చాట. పక్కన పొరుగింటి యాదవ్వ, డెబ్బై ఏళ్ళ ముసలమ్మ, ఆమె ఒడిలో ఆమె చాట. ప్రవళిక చేతిలో రిమోటు. నేను ఇంటర్నెట్ డబ్బా దగ్గర కావలి.

రేసు మొదలైంది. ఊళ్ళో కుర్రాళ్ళు ఇది చూస్తే బైకులు చూస్తారు. మేము నలుగురం బైకులు తప్ప అన్నీ చూశాము. కంచె వెనక ఎవరున్నారు, గొడుగు కింద ఎవరున్నారు, ఎక్కడ నారింజ రంగు కనిపిస్తుంది. యాదవ్వ ఒక్కతే బైకుల మీద జాలిపడింది.

"గీ పోరగాండ్లు గింతగనం వంగుతుండ్రేందే! మోకాళ్ళు భూమికి గీసుకపోతున్నయ్. ఈళ్ళకు అవ్వలు లేరా?"

"తొమ్మిది! అమ్మా, తొమ్మిదో నంబరు బోర్డు!" అని ప్రవళిక అరిచింది. నారింజ రంగు మెరిసింది, పోయింది. కెమెరా ముందున్నవాడి వెంట పరుగెత్తింది.

"ఆగాగు, ఎనకకు తియ్యి బిడ్డా!"

ప్రవళిక వెనక్కి తిప్పి బొమ్మను ఆపింది. నా కేబుల్లో ఈ సోకు ఎక్కడిది! బొటనవేలంతేసి మనుషులు నలుగురు కంచె వెనక నిలబడి ఉన్నారు. తల మీద టోపీలు, ముఖాలకు గుడ్డలు.

"గా లావుటాయన హనుమండ్లు," అంది యాదవ్వ.

"అట్లున్నడా నా మొగడు! గా సివరాయన. ఎడమ సెయ్యి నడుము మీద పెట్టుకున్నడు సూడు. గట్లనే నిలవడ్తడు," అంది కోమల. ఆమె కళ్ళు బొమ్మ మీదే ఉన్నాయి. వేళ్ళు మాత్రం బీడీ చుట్టేశాయి. "ఇంకోపారి సూపియ్యి."

మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకు. చుట్టు తిరిగి తొమ్మిదో మలుపు వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. ఆపడం, వెనక్కి తిప్పడం, దగ్గరికి పోయి ముక్కు ఆనించి చూడడం. ఆరేడు సార్లు అయింది. ఎంత తిప్పినా వాడు నిలబడే ఉన్నాడు తప్ప అడుగు వేయడు.

"నిలవడ్డడు గని నడుస్తలేడన్నా. ఒక్కపారి నడువవయ్యా!" అని టీవీని బతిమాలింది కోమల.

"ఎవడన్న పడాలె, అప్పుడు గని నడువడు," అన్నాను నేను. నా నోట్లో మన్ను పడ.

సరిగ్గా అప్పుడు టీవీ పక్కన పెట్టిన ఫోన్ మోగింది. ఒక్క రింగు. ఆగిపోయింది.

ప్రవళిక చూసింది. "బాపు నంబరు."

"గిప్పుడెందుకు ఇచ్చిండు?" అంది కోమల. డ్యూటీ మధ్యన వాడు ఎన్నడూ రింగివ్వలేదు. టీవీలో చూస్తే నడుము మీద చెయ్యి పెట్టుకుని నిమ్మళంగా నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోన్ కూడా లేదు.

"టీవీల కనవడ్తున్ననని మురుస్తుండే!" అంది యాదవ్వ. అందరం నవ్వాము. నేనూ నవ్వాను. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న పెద్దమనిషిని, బుర్ర ఉంటే కదా!

రెండు మూడు నిమిషాలైంది. నీలం బండి ఒకటి తొమ్మిదో మలుపులో వంగి, వంగి, ఇక లేవలేదు. మనిషి ఒక దిక్కు జారాడు. బండి కంకరలో పల్టీలు కొడుతూ నేరుగా నారింజ బట్టలవాళ్ళ మీదికి పోయింది. వాళ్ళు ఉరికారు. ముగ్గురు ఉరికారు. చివరివాడు నాలుగడుగులు వేసి, ఎడమ కాలు మడతపడి బోర్లా పడ్డాడు. బండి ఎగిరి కంచె మీంచి వాడి దిక్కే దూకింది. దుమ్ము లేచింది. అంతే, కెమెరా ముందున్నవాడి మీదికి మారిపోయింది. ఆ కెమెరా తిప్పేవాడి చేతులు పడిపోను, పడ్డవాణ్ణి చూపించాలని తెలియదా?

కోమల ఒడిలోంచి చాట జారింది. జర్దా చాప నిండా పడింది. ప్రవళిక "బాపూ!" అని కేక పెట్టింది. యాదవ్వ చేతులతో నెత్తి కొట్టుకుంది.

అప్పుడు నా కళ్ళు టీవీ మూలకు పోయాయి. ఎర్రగా ఉండాల్సిన లైవ్ గుర్తు బూడిద రంగులో ఉంది. వెనక్కి తిప్పీ తిప్పీ మేము రేసు కంటే నాలుగు నిమిషాలు వెనకబడ్డాము! మళ్ళీ లైవ్‌కు పోవాలన్న సోయి ఒక్కరికీ లేదు.

"ఏడ్వకుండ్రి!" అని అరిచాను. "మనం ఎనకదే సూస్తున్నం. గీ పడుడు నాలుగు నిమిషాల కిందనే అయిపోయింది. పడ్డంకనే రింగిచ్చిండు! నువ్వు సూస్తుంటవని, భయపడ్తవని ఇచ్చిండు చెల్లె. బావ మంచిగున్నడు!"

యాదవ్వ చేతులెత్తి మొక్కింది. ప్రవళిక ఏడుస్తూనే నవ్వింది. కోమల నవ్వలేదు.

"దుబాయిల మూడో అంతస్తు మీదికెల్లి పడ్డనాడు గూడ ఒక్క రింగే ఇచ్చిండన్నా," అంది.

ప్రవళిక లైవ్ నొక్కింది. తొమ్మిదో మలుపు రెండుసార్లు వచ్చిపోయింది. ముగ్గురే ఉన్నారు. నాలుగోవాడు లేడు.

కోమల లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. వాకిట్లోకి పోయింది, వచ్చింది. చాప మీద జర్దాను చేత్తో కుప్ప చేసింది, ఎత్తకుండానే వదిలేసింది. దగ్గు తెర వస్తే కొంగు అడ్డం పెట్టుకుంది. ఒక్కసారిగా ఫోన్ అందుకుని నంబరు నొక్కింది. ఒక రింగు పోయింది. ఎప్పటిలాగే అక్కడ పెట్టేస్తుందనుకున్నాము. పెట్టలేదు. రెండో రింగు కూడా పోయాక పెట్టింది.

"రెండిచ్చినవా?" యాదవ్వ కళ్ళు పెద్దవి చేసింది. "ఎవలో సచ్చిండ్రనుకుంటడు గదనే!"

"అనుకోనియ్యి," అంది కోమల.

ముప్పావుగంట గడిచింది. రేసు అయిపోయింది. ఎవడు గెలిచాడో నాకు ఈనాటికీ తెలియదు. నేను ఇంటికి పోవాలని లేచాను, మళ్ళీ డబ్బా దగ్గరే కూర్చున్నాను. అప్పుడు వీడియో ఫోన్ వచ్చింది. తెరమీద హనుమండ్లు ముఖం, వెనక గోడ. చెమటలు కారుతున్నాయి.

"ఏమైందే? ఎవలకేమైంది? బిడ్డ ఏది?"

"బిడ్డ మంచిగనే ఉన్నది. నేనే మంచిగ లేను," అంది కోమల.

ఆ మాట ఆమె నోట ఎన్నడూ వినలేదు నేను. వాడూ విని ఉండడు.

"దగ్గుతున్ననని నాలుగు నెలల కింద సదానందం అన్న కరీంనగర్ తోల్కపోయిండు. ఊపిరితిత్తిల మచ్చ ఉన్నదన్నరు. బీడీలు బందు పెట్టుమన్నరు. నేను పెట్టలే. నీకు సెప్పలే. దినాం మంచిగున్న, మంచిగున్న అని అబద్ధం ఆడిన."

ప్రవళిక తల్లి వైపు చూసి, నా వైపు చూసింది. ఆ పిల్ల చూపు భరించలేక నేను తల దించుకున్నాను. కోమల బియ్యం డ్రమ్ము వెనక నుంచి ఫిల్ము తీసి, ట్యూబ్‌లైటుకు అడ్డం పట్టి ఫోన్‌కు చూపించింది.

తెర మీద హనుమండ్లు కదలకుండా ఆ ఫిల్మునే చూస్తున్నాడు. బొమ్మ ఆగిందేమోనని డబ్బా చూశాను. దీపాలన్నీ పచ్చగానే వెలుగుతున్నాయి.

"నేను గూడ మంచిగ లేనే," అన్నాడు హనుమండ్లు. "గా మోకాలే. మల్ల వాసింది. నిలవడితె ఎరుకైతలేదు. ఉరికితె ఆగుతలేదు. ఇయ్యాల బండి జెరంతల తప్పిపోయింది, నన్ను రూముకు తోలిండ్రు. నువ్వు టీవీల సూస్తున్నవని వెంబడే రింగిచ్చిన."

"ఫోన్ కింద పెట్టు," అంది కోమల. "పెట్టి నడువు. నేను సూస్త."

సిగ్నల్ పోతున్నదని అంటాడేమో అనుకున్నాను. అనలేదు. ఫోన్‌ను మంచం మీద దేనికో ఆనించి వెనక్కి జరిగాడు. నిక్కరు వేసుకున్నాడు. ఎడమ మోకాలు కుండలా ఉబ్బి ఉంది, చుట్టూ గుడ్డ కట్టుకున్నాడు. మంచం కోడు పట్టుకుని, ఆ కాలు ఈడ్చుకుంటూ ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాడు. ఆరడుగులు.

"మల్ల ఇటు రా," అంది కోమల.

ఇటు వచ్చాడు. ఆమె కన్ను ఆర్పకుండా చూసింది. నేను అలవాటుగా ఆమె చేతుల వైపు చూశాను. వేళ్ళు కదలడం లేదు.

"గిప్పుడు కనవడ్డవు," అంది. "ఇగ రా. దవాఖానకు ఇద్దరం ఒక్కపారే పోదాం."